ఎడారి తీరంలో సింహం, భీమిలి దారిలో ఎర్రమట్టి: ఎకో టూరిజం లెక్క ఎక్కడ తేడా పడుతోంది?

క్లుప్తంగా: నైరుతి ఆఫ్రికాలోని నమీబియా లాంటి ఎడారి తీరాల్లో వన్యప్రాణుల పర్యాటకం నిలదొక్కుకోవడానికి ఇసుక తిన్నెల అందం ఒక్కటే కారణం కాదు. చల్లని సముద్రం ఇచ్చే చేప, చెట్టు అడ్డురాని చూపు, పలచని జనాభా, ఆదాయం మీద స్థానికులకు చట్టం ఇచ్చిన హక్కు అక్కడ ఒకదానికొకటి తోడయ్యాయి. విశాఖ తీరంలో మొదటి మూడూ లేవు, తెచ్చుకోవడం కుదరదు. నాలుగోది మాత్రం ప్రకృతి ఇచ్చేది కాదు, ప్రభుత్వాలు ఇచ్చేది. ఎర్రమట్టి దిబ్బలు యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కిన సందర్భంలో ఈ తేడాలపై విశ్లేషణ.

విశాఖ నుంచి భీమిలి వెళ్ళే బీచ్ రోడ్డులో, నగరానికి ఇరవై కిలోమీటర్ల దూరంలో, ఎర్రటి ఇసుక గుట్టలు, వాటి మధ్య వాననీళ్ళు కోసిన లోతైన గండ్లు కనిపిస్తాయి. సినిమావాళ్ళకు ఇది పాత చోటే, పెళ్ళి ఫొటోల వాళ్ళకు కొత్త చోటు. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా 2014లో ఈ ఎర్రమట్టి దిబ్బలను జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. 2025 సెప్టెంబరులో భారతదేశం యునెస్కో తాత్కాలిక జాబితాలో కొత్తగా చేర్చిన ఏడు సహజ స్థలాల్లో ఆంధ్రప్రదేశ్‌వి రెండున్నాయి. ఒకటి తిరుమల కొండలు, రెండోది ఈ దిబ్బలు.

తాత్కాలిక జాబితాలో చేరగానే ప్రపంచ వారసత్వ హోదా వచ్చేసినట్టు చాలామంది అనుకుంటున్నారు. అది క్యూలో నిలబడటం మాత్రమే. కనీసం ఏడాది ఆ జాబితాలో ఉన్నాకే పూర్తి ప్రతిపాదన పంపే వీలుంటుంది. ఇక రెండో గందరగోళం ఎకో టూరిజం, అంటే ప్రకృతికి చేటు చేయకుండా స్థానికులకు మేలు చేసే పర్యాటకం, అన్న మాటతో వచ్చింది. రిసార్టు బోర్డు మీదా, జిప్‌లైన్ టికెట్టు మీదా, బొంగులో చికెన్ అమ్మే క్యాంపు మీదా ఇప్పుడు అదే మాట కనిపిస్తోంది. ఇసుక, సముద్రం, వన్యప్రాణులు మూడూ ఒకేచోట ఉండి, ఆ మాటకు ఎంతోకొంత న్యాయం జరిగిన ప్రాంతం ఏదని వెతికితే చూపు నమీబియా మీద ఆగుతుంది.

ఎండిన నేల పక్కనే చేపల గని

ప్రపంచపటంలో సముద్రాన్ని ఆనుకుని ఉన్న ఎడారులను వేలితో చూపిస్తూ పోతే ఒక పోలిక బయటపడుతుంది. ఆఫ్రికా నైరుతిన నమీబ్, దక్షిణ అమెరికాలో అటకామా, మెక్సికోలో బాహా కాలిఫోర్నియా, సహారా అట్లాంటిక్ అంచు అన్నీ ఖండాల పడమటి ఒడ్డునే ఉన్నాయి. ఇది యాదృచ్ఛికం కాదు. భూమధ్యరేఖ దగ్గర వేడెక్కి పైకి లేచిన గాలి తన తేమను అక్కడే కురిపించేసి, ఇరవై నుంచి ముప్పై డిగ్రీల అక్షాంశాల దగ్గర పొడిగా కిందికి దిగుతుంది. దిగే గాలిలో మేఘం కట్టడం కష్టం. అదే అక్షాంశాల్లో ఖండాల పడమటి తీరం వెంట ధ్రువాల వైపు నుంచి చల్లని ప్రవాహం వస్తుంటుంది. నమీబ్‌కు అలాంటిది బెంగ్వెలా ప్రవాహం.

ఈ ప్రవాహానికి దక్షిణపు గాలి తోడవుతుంది. తీరం వెంబడి ఉత్తరానికి వీచే ఆ గాలి, భూభ్రమణం వల్ల, పైనీటిని ఎడమకు, అంటే ఒడ్డు నుంచి నడిసముద్రం వైపు నెడుతుంది. ఖాళీ అయిన చోటికి అడుగు నుంచి చల్లని నీరు పైకి వస్తుంది. దానితోపాటు అడుగున పేరుకున్న పోషకాలూ వస్తాయి. పోషకాలుంటే నాచు లాంటి సూక్ష్మజీవులు, వాటి వెనక చేపలు, చేపల వెనక సీల్‌లు, నీటికాకులు, పెంగ్విన్లు. ఒడ్డున మాత్రం కథ వేరు. చల్లని నీటిని తాకిన గాలి బరువెక్కి కిందనే ఉండిపోతుంది. పైన వేడిగాలి గిన్నె మీద మూతలా కూర్చుంటుంది. గాలి పైకి లేవదు, వాన పడదు, పొగమంచు మాత్రం పడుతుంది. వాల్విస్ బే పట్టణంలో ఏడాది మొత్తానికి 20 మిల్లీమీటర్ల వాన కూడా పడదు. విశాఖలో ఒక వాయుగుండం ఒక్క రాత్రిలో 100 మిల్లీమీటర్లు కురిపిస్తే, వాల్విస్ బేకి అది అయిదేళ్ళ వాన.

అలా నమీబ్ తీరంలో చావుకు దగ్గరగా ఉన్న నేల, ప్రాణం పొంగే సముద్రం పక్కపక్కనే ఉంటాయి. పర్యాటకుడు చూడటానికి వెళ్ళేది ఈ రెండింటి అతుకును. కేప్ క్రాస్ దగ్గర పిల్లలు పెట్టే కాలంలో రెండు లక్షల వరకూ సీల్‌లు ఒడ్డుకు చేరతాయి. ఆ కంపు ఫొటోల్లో కనిపించదు గానీ, అక్కడికి వెళ్ళినవాళ్ళు ముందు చెప్పేది దాని గురించే. సీల్ పిల్లల కోసం నక్కలు, గోధుమరంగు హైనాలు తీరానికి వస్తాయి. ఇటీవలి ఏళ్ళలో ఎడారి సింహాలు కూడా ఒడ్డుకొచ్చి సీల్‌లను వేటాడటం నమోదైంది. లోపలికి వెళితే, తెల్లవారుజామున తిన్నె శిఖరం మీద తలకిందులుగా నిలబడి, వీపు మీద కట్టిన మంచుచుక్కలను నోట్లోకి జార్చుకునే నల్ల పురుగు కనిపిస్తుంది. జీవితాంతం రెండే ఆకులతో వెయ్యేళ్ళు దాటి బతకగల వెల్విట్చియా మొక్క ఉంటుంది. వాగులు ఏడాదిలో కొద్దిరోజులే పారతాయి. మిగతా రోజుల్లో ఏనుగులు ఇసుకలో చెలమలు తవ్వుకుని నీళ్ళు తాగుతాయి. వేసవిలో మన ఏటి ఒడ్డు ఊళ్ళలో మనుషులు చేసే పని కూడా అదే.

సముద్రం ఇచ్చేది ఎప్పటికీ ఇస్తూనే ఉంటుందన్న భరోసా మాత్రం లేదు. ఇదే తీరంలో సార్డిన్, అంటే మన కవళ్ళ జాతి చేప, మితిమీరిన వేట వల్ల 1960ల చివర నుంచి 1970ల లోపు కుప్పకూలింది. దాని మీద ఆధారపడ్డ పెంగ్విన్లు ఆ దెబ్బ నుంచి ఇప్పటికీ కోలుకోలేదు.

విశాఖ ఎడారి ఎందుకు కాలేదు?

విశాఖ 17.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద, ఖండానికి తూర్పు ఒడ్డున ఉంది. ఎడారి తీరానికి కావలసిన చల్లని ప్రవాహం ఇటువైపు రాదు, నైరుతి రుతుపవనం, వాయుగుండాలు మాత్రం తప్పకుండా వస్తాయి. ఏడాదికి సుమారు వెయ్యి మిల్లీమీటర్ల వాన పడే చోట ఎడారి పుట్టదు.

అయినా ఒక చిన్న చుట్టరికం ఉంది. 1950ల్లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పనిచేసిన అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లఫాండ్ వాల్తేరు తీరంలోనే అడుగునీరు పైకి రావడాన్ని అధ్యయనం చేశారు. నైరుతి గాలి తీరం వెంబడి వీచినప్పుడు, ఉత్తరార్ధగోళంలో పైనీరు కుడికి జరుగుతుంది, అంటే ఇక్కడ కూడా ఒడ్డు నుంచి దూరంగానే. యంత్రాంగం బెంగ్వెలాదే, బలం మాత్రం దాని ముందు తక్కువ. గంగ, గోదావరి వంటి నదులు బంగాళాఖాతంలోకి కుమ్మరించే మంచినీరు తేలికగా ఉండి, ఉప్పునీటి పైన పొరలా పరుచుకుంటుంది. ఆ పొర అడుగునీటిని పైకి రానివ్వదు. అందుకే ఇక్కడ ఈ ప్రక్రియ ఒక రుతువుకు పరిమితమై, బలహీనంగా ఉంటుంది. విశాఖ రేవులో చేప ఉంది గానీ, ఒడ్డున లక్షల సీల్‌లను పోషించేంత పొంగు లేదు.

ఎర్రమట్టి దిబ్బల సంగతి ఇంకా ఆసక్తికరం. సుమారు ఇరవై వేల ఏళ్ళ కిందట, గత మంచుయుగం ముదిరిన కాలంలో, సముద్ర మట్టం ఇప్పటికన్నా వంద మీటర్లకు పైగా కిందికి దిగింది. ఇప్పుడు నీటి కింద ఉన్న నేల అప్పుడు ఆరుబయట ఎండిన ఇసుక మైదానం. ఆ ఇసుకను గాలి లోపలికి ఎత్తుకొచ్చి గుట్టలు పోసింది. తర్వాత వానలు తిరిగొచ్చాయి. ఇసుకలోని ఇనుము కలిసిన ఖనిజాలు తడికి, గాలికి తుప్పుపట్టి రేణువులకు ఎర్రపూత పూశాయి. అవే వానలు గుట్టలను కోసి గండ్లు చేశాయి. ఈ దిబ్బల్లో పాతరాతియుగపు పనిముట్లు కూడా దొరికాయి.

నమీబ్ ఇసుక కూడా ఇలాగే ప్రయాణించింది. ఆరెంజ్ నది మోసుకొచ్చిన ఇసుకను సముద్రం ఉత్తరానికి నెడితే, గాలి లోపలికి ఎత్తుకెళ్ళింది. తీరం దగ్గర లేత రంగులో ఉన్న తిన్నెలు లోపలికి పోయేకొద్దీ, వయసు పెరిగేకొద్దీ ఎర్రబడతాయి. 2013లో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన నమీబ్ ఇసుక సముద్రం 30 లక్షల హెక్టార్లకు పైబడినది. అక్కడ గాలి ఇంకా ఇసుకను కదిలిస్తూనే ఉంది. ఇక్కడ ఆ పని వేల ఏళ్ళ కిందటే ఆగిపోయింది. భీమిలి దగ్గర ఉన్నది ఎడారి కాదు, ఒక పొడి యుగం వదిలిపోయిన అచ్చు. అచ్చు చెదిరితే మళ్ళీ పోసే గాలి లేదు.

కనబడితేనే కదా టికెట్టు

వన్యప్రాణుల పర్యాటకంలో అందరూ తక్కువగా మాట్లాడుకునే అంశం, జంతువు కంటపడే అవకాశం. ఎడారిలో జంతువులు తక్కువ. ఉన్నవి నీటిచెలమల దగ్గరా, వాగుల వెంటా చేరతాయి. చూపుకు అడ్డు ఉండదు. అందువల్ల తక్కువ జంతువులున్నా ఎక్కువ కనబడతాయి. వందల కిలోమీటర్లు తిరిగి వచ్చిన మనిషికి వాగులో ఒక ఏనుగు గుంపు దాదాపు ఖాయంగా దొరుకుతుంది.

తూర్పు కనుమల్లో లెక్క తిరగబడుతుంది. నగరాన్ని ఆనుకుని 70 చదరపు కిలోమీటర్లకు పైగా ఉన్న కంబాలకొండ అభయారణ్యంలో చిరుత ఉంది, కణుజు ఉంది, కొండచిలువ ఉంది. పొదల్లో పగలు అవి కంటపడటం అరుదు. ఉదయం వచ్చి సాయంత్రం వెళ్ళే కుటుంబం జంతువును చూడకుండానే తిరిగి వెళుతుంది. ఆ ఖాళీని పూడ్చడానికే తాళ్ళ వంతెన, బోటు, జిప్‌లైన్ వస్తాయి. వీటిని అధికారుల అభిరుచి లోపంగా చూడటం తొందరపాటు. అడవి చూపించలేని దాని స్థానంలో టికెట్టుకు విలువ కట్టే వస్తువు ఏదో ఒకటి కావాలి. దాన్ని వన్యప్రాణుల పర్యాటకం అని పిలవడమే పేచీ.

విశాఖ చుట్టుపక్కల కంటికి నికరంగా దొరికే ప్రకృతి అడవిలో కన్నా ఒడ్డునే ఎక్కువ. ఆటుపోట్లు తగ్గినప్పుడు రాళ్ళ మధ్య నీటిగుంటల్లో మిగిలే పీతలు, సముద్రపు పూలు, నక్షత్రచేపలు, చలికాలంలో దిగే వలస పక్షులు, అన్నిటికన్నా ముఖ్యంగా తాబేళ్ళు.

ఊరికి వాటా ఎలా వచ్చింది?

నమీబియా కథలో అసలు మలుపు ఇసుకలో కాదు, చట్టంలో ఉంది. ఆ ప్రాంతం దక్షిణాఫ్రికా పాలనలో ఉన్నప్పుడు, పెద్ద ప్రైవేటు కమతాలున్న తెల్లజాతి రైతులకు 1975 నాటికి తమ భూమిలోని జంతువుల మీద ఆదాయ హక్కులు వచ్చాయి. వాళ్ళు జంతువును ఆస్తిగా లెక్కవేయడం మొదలుపెట్టారు. ఉమ్మడి భూముల్లో పశువులు మేపుకునే నల్లజాతి ప్రజలకు ఆ హక్కు లేదు. వాళ్ళ మేకను సింహం ఎత్తుకెళితే నష్టం వాళ్ళది, సింహాన్ని చూడటానికి వచ్చినవాడి డబ్బు ఇంకొకరిది. అలాంటి చోట జంతువు బతకాలని ఊరు ఎందుకు కోరుకుంటుంది?

1980ల మొదట్లో తీవ్రమైన కరువు, దొంగవేట కలిసి వాయవ్య నమీబియాలో ఏనుగులను, ఖడ్గమృగాలను చావు అంచుకు తెచ్చాయి. అప్పుడు గార్త్ ఓవెన్-స్మిత్ అనే సంరక్షకుడు ఊరి పెద్దలతో మాట్లాడి, వాళ్ళు ఎంచిన మనుషులనే కాపలాకు పెట్టే పద్ధతి మొదలుపెట్టారు. నేల మీద అడుగుజాడ చదవగలిగినవాళ్ళు వాళ్ళే. వాళ్ళలో పాత వేటగాళ్ళూ ఉన్నారు. ఆయనకూ, ఆయనతో కలిసి పనిచేసిన మార్గరెట్ జేకబ్‌సన్‌కూ 1993లో గోల్డ్‌మన్ పర్యావరణ బహుమతి వచ్చింది.

1990లో స్వాతంత్ర్యం వచ్చింది. పర్యావరణ రక్షణను రాజ్యాంగంలోనే రాసుకున్న దేశాల్లో నమీబియా ఒకటి. 1996లో చట్టాన్ని సవరించి, రైతులకున్న ఆదాయ హక్కునే ఉమ్మడి భూముల్లోని ప్రజలకూ ఇచ్చారు. షరతులున్నాయి. సభ్యుల జాబితా ఉండాలి, సరిహద్దు గీసుకోవాలి, కమిటీ, నియమావళి ఉండాలి, డబ్బు ఎలా పంచుకుంటారో రాసుకోవాలి. అప్పుడు ఆ సంఘం ‘కన్సర్వెన్సీ’గా నమోదవుతుంది. 1998లో మొదటి నాలుగు నమోదయ్యాయి. తర్వాత వాటి సంఖ్య 86కు చేరింది. దేశ భూభాగంలో సుమారు అయిదో వంతు ఇప్పుడు వాటి కింద ఉంది. లాడ్జి పెట్టాలనుకునే కంపెనీ ఈ సంఘంతో ఒప్పందం రాసుకోవాలి. అద్దె, ఉద్యోగాలు, శిక్షణ అన్నీ ఆ కాగితం మీదకు వస్తాయి. మొదటి నాలుగింటిలో ఒకటైన టోర్రా ఈ పద్ధతికి నమూనాగా నిలిచింది.

ఇందులో రెండు విషయాలు మన దగ్గర వర్క్‌షాపుల్లో సాధారణంగా జారిపోతాయి. మొదటిది, కన్సర్వెన్సీల ఆదాయంలో ఫొటో పర్యాటకంతో పాటు లైసెన్సు మీద జరిగే వేట కూడా పెద్ద వాటా. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉన్న భారతదేశంలో ఆ సగం నమూనాకు చోటే లేదు. మిగిలిన సగాన్ని మాత్రమే తెచ్చి అంతే ఆదాయం ఆశించడం లెక్కకు నిలవదు. రెండోది, ఈ ఆదాయం వానను, విమానాలను నమ్ముకున్నది. 2020లో కోవిడ్‌తో విమానాలు ఆగిపోగానే లాడ్జీలు ఖాళీ అయ్యాయి, కాపలాదారుల జీతాలకు విరాళాలు వెతుక్కోవాల్సి వచ్చింది. 2024 ఆగస్టులో కరువు ముదిరి, 83 ఏనుగులు సహా 723 జంతువులను చంపి మాంసం పంచాలని ప్రభుత్వం నిర్ణయించింది. పర్యాటకం బతికించిన జంతువునైనా కరువు వదలదు.

జనాభా లెక్క కూడా చూడాలి. 8 లక్షల చదరపు కిలోమీటర్లు దాటిన నమీబియాలో 2023 లెక్కల ప్రకారం 30 లక్షల మంది ఉన్నారు. 2011 నాటికే గ్రేటర్ విశాఖ ఒక్క నగరంలో 17 లక్షలకు పైగా ఉన్నారు. అక్కడ తక్కువమంది సందర్శకులు ఎక్కువ డబ్బు ఇస్తారు. నమీబియా ఉత్తర తీరమైన స్కెలిటన్ కోస్ట్‌లో ఉత్తర భాగానికి అనుమతి పొందిన సంస్థ చిన్న విమానంలో తీసుకెళితే తప్ప మామూలు జనం వెళ్ళలేరు. ఇక్కడ ఆదివారం సాయంత్రం బీచ్ రోడ్డు మీద పడే జనం ఎక్కువ, ఒక్కొక్కరు పెట్టే ఖర్చు తక్కువ. మొక్కజొన్న పొత్తు, మురీ మిక్స్చర్, పార్కింగు, అంతే. ఇది తప్పేమీ కాదు. బీచ్ అందరిదీ అయినప్పుడు టికెట్టు ధర పెంచి జనాన్ని తగ్గించే ఆయుధం ప్రభుత్వం చేతిలో ఉండదు, ఉండకూడదు కూడా.

కచ్ ఇచ్చే హెచ్చరిక

మన దేశంలోనే దగ్గరి పోలిక కావాలంటే గుజరాత్‌లోని కచ్ చిన్న రణ్, అంటే అక్కడి ఉప్పునేల ఎడారి. 4,954 చదరపు కిలోమీటర్ల అడవిగాడిద అభయారణ్యం 1973లో ఏర్పడింది. 2020లో 6,082గా లెక్కతేలిన అడవిగాడిదలు 2024లో 7,672కు చేరాయి. జంతువు వైపు నుంచి ఇది విజయం. అదే నేల మీద తరతరాలుగా ఏడాదిలో సుమారు ఎనిమిది నెలలు ఉప్పు పండించే అగరియాలకు మాత్రం భూమి కాగితం లేదు. అభయారణ్యం గీత వాళ్ళ జీవనాన్ని అనుమతి లేని పనిగా మార్చింది. సఫారీ జీపు ఎవరి ఉప్పుమడుల పక్కనుంచి వెళుతుందో, ఆ జీపు ఆదాయంలో వాళ్ళకు హక్కుగా వచ్చే వాటా లేదు. జంతువు పెరగడం, ఊరికి వాటా రావడం వేర్వేరు విషయాలని చిన్న రణ్ చూపిస్తుంది.

టైరు జాడ చెప్పే తేడా

ఎడారి తీరాల్లో పర్యాటకం చేసే నష్టంలో పెద్దది వాహనాలది. నమీబ్ గులకరాళ్ళ మైదానాల మీద సన్నని పొరలా లైకెన్లు, అంటే నాచు, శిలీంధ్రం కలిసి బతికే జీవులు, పెరుగుతాయి. వాటి తడి పొగమంచు నుంచే. ఒకసారి టైరు తొక్కితే ఆ గీత దశాబ్దాలు చెరగదు. చెరిపే వాన లేదు కనుక. తీరానికి దగ్గరగా నేల మీదే గుడ్డు పెట్టే డమారా టెర్న్ పక్షికి ఈ వాహనాలే పెద్ద గండం. 2010లో డోరోబ్ జాతీయ పార్కును ప్రకటించాక వాహనాలను గుర్తించిన దారులకు పరిమితం చేసే నియమాలు బిగించారు.

ఎర్రమట్టి దిబ్బల మీద ఫలితం ఒకటే, దారి వేరు. ఇక్కడ ఇసుకను పట్టి ఉంచేది పలచని ఎర్రపూత, మొక్కల వేర్లు. మనిషి వాలు మీద పాకుతూ ఎక్కినా, బైకు నడిపినా ఆ పట్టు సడలుతుంది. వర్షాకాలంలో నీరు సరిగ్గా ఆ సడలిన గీతనే పట్టుకుని దిగుతుంది. నమీబ్‌లో జాడ అలాగే ఉండిపోతుంది, భీమిలిలో జాడ పెరిగి గండి అవుతుంది. అందుకే ఎడారి సఫారీ తరహా జీపు సవారీలు ఏ రూపంలో ప్రతిపాదనకు వచ్చినా, అక్కడికన్నా ఇక్కడ నష్టం వేగంగా జరుగుతుంది. చెక్క నడకదారి, వాలు ఎక్కకుండా కంచె, పైనుంచి చూసే వేదిక వంటివి మామూలు ఏర్పాట్లే. అవి లేకుండా గుర్తింపు ప్రచారం ముందు నడిస్తే, ప్రచారమే కోతకు కారణమవుతుంది.

రక్షణ విషయంలో మరో లొసుగు ఉంది. జాతీయ భూవారసత్వ స్థలమన్న గుర్తింపు, అభయారణ్యం ప్రకటన లాంటిది కాదు. దాని వెనక శిక్షలు రాసిన ప్రత్యేక చట్టం లేదు. భూవారసత్వ స్థలాల కోసం కేంద్రం 2022లో ఒక ముసాయిదా బిల్లు విడుదల చేసింది. ఈలోగా దిబ్బలకు అండగా ఉన్నవి తీరప్రాంత నియంత్రణ నిబంధనలు, కోర్టులు, స్థానికుల ఫిర్యాదులు. 2024లో దిబ్బల పక్కన ఇళ్ళ స్థలాల కోసం జరిగిన చదును పనుల మీద వివాదం రేగినప్పుడు ఈ లొసుగే బయటపడింది.

తాబేలు వచ్చే రాత్రి

విశాఖకు కేప్ క్రాస్ లాంటిది ఏదైనా ఉందంటే అది ఆలివ్ రిడ్లే తాబేలు. జనవరి నుంచి ఏప్రిల్ లోపు రాత్రిపూట తల్లి తాబేలు ఒడ్డుకొచ్చి, ఇసుక తవ్వి, ఒక గూటిలో వంద దాకా గుడ్లు పెట్టి వెళ్ళిపోతుంది. కుక్కల నుంచి, మనుషుల నుంచి కాపాడటానికి అటవీశాఖ వాటిని తీరంలో ఏర్పాటు చేసిన హేచరీలకు, అంటే గుడ్లు పొదిగే రక్షిత ఆవరణలకు, తరలిస్తుంది. సుమారు నెలన్నర నుంచి రెండు నెలలకు పిల్లలు బయటికొస్తాయి. ఒడిశాలోని రుషికుల్య నదీముఖం దగ్గర 2025 ఫిబ్రవరిలో ఆరున్నర లక్షలకు పైగా తాబేళ్ళు సామూహికంగా గుడ్లు పెట్టాయి. రుషికొండకూ దానికీ పేరులో పోలికే తప్ప సంబంధం లేదు. విశాఖలో గూళ్ళు విడివిడిగా, చెదురుమదురుగా ఉంటాయి. అందువల్ల ఇక్కడ సందర్శకుడు చూడగలిగేది తల్లిని కాదు, పిల్లలను వదిలే ఘట్టాన్ని.

ఆ ఘట్టంలోనే సూక్ష్మం ఉంది. పిల్ల తాబేలు వెలుతురు ఎక్కువున్న దిక్కుకు పాకుతుంది. చీకటి రాత్రిలో అది సముద్రం మీది మెరుపు. బీచ్ రోడ్డు లైట్ల కింద అది రోడ్డు. సెల్‌ఫోన్ ఫ్లాష్ కూడా ఆ చిన్న ప్రాణికి సముద్రమే. ఒడ్డు దాకా చేత్తో తీసుకెళ్ళి నీళ్ళలో వదలడం దయగా కనిపిస్తుంది గానీ, పాకుతూ వెళ్ళే ఆ కొద్ది దూరం వాటికి అవసరం. గూటి వేడి మీదనే పిల్ల ఆడా మగా అన్నది తేలుతుంది. ఇసుక వేడెక్కితే ఆడవే ఎక్కువ పుడతాయి. హేచరీ మీద నీడ వేయాలా వద్దా అన్నది కూడా అందుకే చిన్న నిర్ణయం కాదు.

ఇక ఏటా అదే కాలంలో చచ్చిన తాబేళ్ళు ఒడ్డుకు కొట్టుకొస్తాయి. తాబేలు గాలి పీల్చే జీవి. ట్రాల్ వలలో చిక్కి పైకి రాలేకపోతే ఊపిరాడక చస్తుంది. తాబేలు తప్పించుకునే పరికరం వలకు బిగిస్తే చాలావరకు ఆపవచ్చు. దాని వల్ల కొంత చేప, రొయ్య కూడా జారిపోతుందని బోటువాళ్ళ అభ్యంతరం. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉండే 61 రోజుల వేట నిషేధం చేపల పునరుత్పత్తి కోసం పెట్టినది. తాబేళ్ళు ఎక్కువగా చచ్చే జనవరి, ఫిబ్రవరిని అది తాకదు. 2021 డిసెంబరులో తంతడి తీరంలో చిక్కుకున్న భారీ తిమింగల సొరను మత్స్యకారుల సాయంతో అటవీశాఖ తిరిగి సముద్రంలోకి పంపగలిగింది. మత్స్యకారుడు లేకుండా ఈ తీరంలో వన్యప్రాణిని కాపాడటం సాధ్యం కాదనడానికి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. పర్యాటక ఆదాయంలో అతని పేరు ఏ కాగితం మీదా లేకపోవడం దీనికి రెండో వైపు.

ఉత్తర్వుకూ హక్కుకూ మధ్య

ఆంధ్రప్రదేశ్‌కు ఊరి భాగస్వామ్యం కొత్త కాదు. 1992 నుంచి వన సంరక్షణ సమితులున్నాయి. కంబాలకొండ, మారేడుమిల్లి వంటి చోట్ల ఈ సమితుల సాయంతోనే పర్యాటక క్యాంపులు నడిచాయి. తేడా పునాదిలో ఉంది. నమీబియా సంఘానికి ఆదాయం చట్టం ఇచ్చిన హక్కు. ఇక్కడి సమితికి వచ్చే వాటాకు పునాది ప్రభుత్వ ఉత్తర్వు. శాఖ మారితే, అధికారి మారితే, టెండరు ప్రైవేటుకు వెళితే వాటా మారిపోవచ్చు. అడవిలో ఉన్నవాళ్ళకు కనీసం 2006 అటవీ హక్కుల చట్టం ఉంది. తీరంలోని జాలరి, వాడబలిజ కుటుంబాలకు ఒడ్డు మీద ఉన్నది వాడుక, పట్టా కాదు.

కాగితం లేకుండానే నడిచిన ఉదాహరణ ఉత్తరాంధ్రలో ఒకటి ఉంది. శ్రీకాకుళం జిల్లా టెక్కలి దగ్గరి తేలినీలాపురంలో గూడబాతులు, రంగురంగుల కొంగలు ఊరి చింతచెట్ల మీద గూళ్ళు కట్టుకుంటాయి. సైబీరియా నుంచి వచ్చే విదేశీ అతిథులని ఏటా రాస్తుంటారు గానీ, ఈ రెండు జాతులూ దక్షిణాసియా పక్షులే. ఊరివాళ్ళకు వాటి చిరునామాతో పని లేదు. పురుటికి పుట్టింటికి వచ్చే ఆడపిల్లల లెక్కన చూస్తారు. పక్షులు రాని ఏడు ఊరికి మంచిది కాదన్న నమ్మకం ఉంది. రెట్ట వాసన, అరుపులు, నేల రాలిన చేపలు అన్నీ భరిస్తారు. చట్టం చేయించే పనిని ఇక్కడ ఆచారం చేయిస్తోంది. కాకపోతే ఆచారం భరించమని చెప్పగలదు, సందర్శకుడి నుంచి డబ్బు వసూలు చేసి ఊరికి పంచమని చెప్పలేదు.

రెండు తీరాల మీదా ఇప్పుడు ఒకే రకం ఒత్తిడి కూడా పెరుగుతోంది. నమీబియా దక్షిణాన లూడెరిట్జ్ చుట్టూ, ఇక్కడ అనకాపల్లి జిల్లా పూడిమడక దగ్గర భారీ గ్రీన్ హైడ్రోజన్ ప్రాజెక్టులు తలపెట్టారు. పూడిమడక ప్రాజెక్టుకు 2025 జనవరిలో శంకుస్థాపన జరిగింది. తీరభూమి ధర పెరిగే చోట గూడు కట్టే పక్షికి, గుడ్డు పెట్టే తాబేలుకు ఎంత చోటు మిగులుతుందన్నది పర్యాటక శాఖ ఒక్కటే తేల్చే విషయం కాదు.

ఎర్రమట్టి దిబ్బల పూర్తి ప్రతిపాదన తయారైనప్పుడు అందులో సరిహద్దు పటం, చుట్టూ రక్షణ వలయం, నిర్వహణ ప్రణాళిక తప్పనిసరిగా ఉండాలి. సరిహద్దు గీత ఏ సర్వే నంబర్ల మీదుగా వెళుతుందో భూముల వ్యాపారులు ఎలాగూ చూస్తారు. నిర్వహణ ప్రణాళికలో నేరెళ్ళవలస, చేపలుప్పాడ ఊళ్ళు కాపలాకు కూలీలుగా ఉంటాయా, టికెట్టులో వాటాదారులుగా ఉంటాయా అన్నది చూడాల్సిన పేజీ.